ముడుచుకుని ఆగిపోయే మయోసిన్

ప్రశ్న: చేతి కండరాలకైనా పేగుల్లోని నునుపు కండరాలకైనా మోటార్ ప్రోటీన్, అంటే కండరాన్ని లాగి బిగించే ప్రోటీన్, మయోసినే అని చదివాను. నునుపు కండరాల్లో మాత్రం అది పనిలేనప్పుడు తనను తానే మడుచుకుంటుందట. నిజమేనా? ఎలా?

జవాబు: నిజమే, అదీ చాలా పకడ్బందీగా మడుచుకుంటుంది. ఒక్కో మయోసిన్ అణువుకి రెండు తలలు, సుమారు 150 నానోమీటర్ల పొడవైన ఒక తోక ఉంటాయి. పనిలేనప్పుడు తలలు రెండూ వెనక్కి వంగి ఒకదానికొకటి ఆనుకుంటాయి, తోక రెండు చోట్ల మడతపడి మూడు పేటలై వాటి మీదికొస్తుంది. ద్రావణంలో వేసి సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పితే, ఇలా ముడుచుకున్న అణువు చాచుకున్న దానికంటే త్వరగా కిందికి దిగుతుంది, అందుకే పరిశోధకులు ముడుచుకున్నదాన్ని 10ఎస్ అనీ చాచుకున్నదాన్ని 6ఎస్ అనీ అంటారు (ఎస్ అనేది అలా కిందికి దిగే వేగానికి కొలమానం).

నాకు అన్నిటికంటే అద్భుతంగా అనిపించేది ఆ తలల తీరు. రెండూ అచ్చం ఒకేలాంటివి, కానీ ఆనుకునే తీరు ఒకేలా ఉండదు. ఒక తల, ఆక్టిన్‌ని (కండరం బిగియడానికి మయోసిన్ పట్టుకుని లాగే ప్రోటీన్ తీగని) పట్టుకోవాల్సిన వైపునే రెండోదానికి ఆనించేస్తుంది కాబట్టి ఇక ఆక్టిన్‌ని అందుకోలేదు. రెండో తలకి ఆ వైపు ఖాళీగానే ఉంటుంది, కానీ పని చేసేటప్పుడు తిరగాల్సిన దాని భాగం సరిగ్గా ఆ ఆనుకున్న చోటే ఇరుక్కుపోతుంది. ఒకదానికి పట్టు పోయింది, రెండోదానికి కదలిక పోయింది! ఈ స్థితిలో మయోసిన్‌కి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒక్కటి ఖర్చవడానికి నిమిషాలకు నిమిషాలు పడుతుంది. ఈ అమరిక 2001లోనే కనిపించింది, 2020లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో (అణువుల్ని గడ్డకట్టించి ఎలక్ట్రాన్లతో చూసే పద్ధతితో) ఇంకా వివరంగా తేలింది.

మరి తెరుచుకునేదెలా? కణంలో కాల్షియం పెరిగితే అది కాల్మాడ్యులిన్ అనే ప్రోటీన్‌తో కలిసి ఒక కైనేజ్‌ని, అంటే ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌ని, లేపుతుంది, ఆ కైనేజ్ మయోసిన్ మెడ దగ్గరుండే చిన్న గొలుసులో 19వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అంతే, ముడి సడలి తలలు విడిపోతాయి. ఫాస్ఫటేజ్ అనే మరో ఎంజైమ్ వచ్చి ఆ ఫాస్ఫేట్ తీసేస్తే మళ్లీ ముడుచుకోవచ్చు. చేతి కండరాల్లో ప్రధానమైన స్విచ్ ఆక్టిన్ తీగ మీద, ట్రోపోనిన్ అనే ప్రోటీన్ రూపంలో ఉంటుంది, ఇక్కడేమో మయోసిన్ మీదే ఉంది. నునుపు కండరం నిదానంగా బిగియడానికి మధ్యలో ఇన్ని మెట్లుండటం కూడా ఒక కారణం.

ఒక్క మాట, సడలిన నునుపు కండరంలో కూడా మయోసిన్ అణువులు చాలావరకు తోకలు కలుపుకుని తీగలుగానే కూడి ఉంటాయి, కాబట్టి అక్కడ తోక పూర్తిగా మడతపడటం కంటే తలలు ముడుచుకోవడమే ముఖ్యం. గుండె మయోసిన్ తలలు కూడా ఇలాగే ముడుచుకుంటాయి. గుండె గోడ మందమయ్యే ఒక జబ్బుకి 2022లో అమెరికాలో ఆమోదం పొందిన మావాకామ్టెన్ అనే మందు, మరిన్ని తలలు అలా ముడుచుకునే ఉండేలా చేసి గుండె అతిగా బిగుసుకోకుండా ఆపుతుంది.