అక్క ముందు పుస్తకం తెరవనంటున్నాడు

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివి, రెండు వాక్యాలయ్యేసరికి పుస్తకం మూసేస్తాడు. ఆరో తరగతి చదివే మా అమ్మాయి గడగడా చదువుతుంది. ఇద్దరినీ జంటగా చదివిస్తే వాడికి ఉత్సాహం వస్తుందని టీచర్ చెబితే అలాగే కూర్చోబెట్టాను. వారం తిరక్కుండానే అమ్మాయి విసుక్కోవడం, వీడు ఏడవడం మొదలైంది. బహుమతుల ఆశ చూపినా లాభం లేదు. ఇప్పుడు పుస్తకం పేరెత్తితే కడుపునొప్పి అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: బాబుకు ఉత్సాహం లేదని మీరు బాధపడుతున్నారు గాని, మీ ఉత్తరంలో నాకు కనిపించింది అక్క ఎదుట తప్పు చదివి చిన్నబోతానేమోనన్న బెరుకు. బహుమతి ఇస్తామన్నంత మాత్రాన చదవడం వచ్చేయదు కదా. పైగా అది చేజారిన ప్రతిసారీ ఓడిపోయానన్న బాధ ఇంకొంత పెరుగుతుంది.

టీచర్ చెప్పిన ఉపాయం మంచిదే, జత కుదరలేదంతే. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ ఫుక్స్, లిన్ ఫుక్స్ దంపతులు రూపొందించిన జంట పఠన విధానంలో, అందరికంటే బాగా చదివే పిల్లలను అందరికంటే వెనుకబడిన పిల్లలతో కలపరు. తరగతిని చదివే స్థాయిని బట్టి వరుసగా పేర్చి, ఆ వరుసను సగానికి విడదీసి, పై సగంలో మొదటివారికి కింది సగంలో మొదటివారిని జత చేస్తారు. మరీ పెద్ద అంతరం ఉంటే ఒకరికి విసుగు, మరొకరికి అవమానం మిగులుతాయి. మీ ఇంట్లో జరిగింది అదే. అందులో అమ్మాయి తప్పు కూడా లేదు. పదకొండేళ్ల పిల్ల నుంచి ఉపాధ్యాయుల ఓర్పును ఆశించలేం.

కాబట్టి కొన్నాళ్లపాటు బాబుకు జత మీరే కండి. 1970లలో బ్రిటన్‌లో మొదలై, తర్వాత కీత్ టాపింగ్ వంటి విద్యావేత్తల కృషితో వ్యాప్తి చెందిన పద్ధతి ఒకటి ఇంటికి చక్కగా సరిపోతుంది. పుస్తకాన్ని బాబే ఎంచుకోవాలి, అది బొమ్మల పుస్తకమైనా, క్రికెట్ కబుర్లైనా సరే. పక్కపక్కనే కూర్చుని, అతని వేగానికి మీ వేగం తగ్గించుకుని, ఇద్దరూ ఒకేసారి పైకి చదవాలి. ఒంటరిగా చదవగలననిపించినప్పుడు అతను ముందే అనుకున్న సైగ చేస్తాడు, ఉదాహరణకు మోచేతితో చిన్నగా తట్టడం. వెంటనే మీరు ఆగిపోవాలి. ఎక్కడైనా తడబడితే నాలుగైదు సెకన్లు చూసి, పదం చెప్పేసి, అతనితో ఒకసారి అనిపించి, మళ్లీ సైగ వచ్చేదాకా కలిసి చదవాలి. పదం చెప్పేస్తే బద్ధకం అలవడుతుందేమోనని చాలామంది తల్లిదండ్రులు సందేహిస్తారు. నిజానికి ప్రతి పదం దగ్గరా ఆపి గుణింతం అడిగితే, వాక్యం చివరికి వచ్చేసరికి దాని మొదలే మరిచిపోతాడు, కథ రుచి తెలియదు. రోజుకు పది నిమిషాలు, వారానికి ఐదు రోజులు చాలు. తన తప్పు తానే దిద్దుకున్నప్పుడు, సైగ చేసే ధైర్యం చూపినప్పుడు మెచ్చుకోండి.

కాస్త కుదురుకున్నాక, బంధువుల్లోనో ఇరుగుపొరుగునో తనకంటే చిన్న పిల్లలకు కథ చదివి వినిపించే పని అతనికి అప్పగించండి. మూడో తరగతి పిల్లవాడు ఒకటో తరగతి పుస్తకం పట్టుకుంటే తోటివారు నవ్వుతారు, అదే పుస్తకాన్ని చిన్నవాళ్ల కోసం పట్టుకుంటే ఎవరూ నవ్వరు. పైగా వినిపించడానికి ముందు దాన్ని మూడు నాలుగు సార్లు సాధన చేయక తప్పదు. ఒకే చిన్న భాగాన్ని మళ్లీ మళ్లీ చదవడం వల్ల తడబాటు తగ్గి వేగం పెరుగుతుందని అమెరికా విద్యా మనస్తత్వవేత్త జే శామ్యూల్స్ 1979లోనే రాశారు. అక్కను ఆ తర్వాత పిలవవచ్చు, అయితే దిద్దడానికి మాత్రం వద్దు. సంభాషణలున్న కథలో చెరో పాత్ర తీసుకుని చదవమనండి.

ఈలోగా కంటి చూపు, వినికిడి పరీక్షలు చేయించండి. కడుపునొప్పిని నటన అని కొట్టిపారేయవద్దు, భయం వల్ల నిజంగానే నొప్పి రావచ్చు. చదువుతో సంబంధం లేని వేళల్లోనూ వస్తుంటే వైద్యులకు చూపించండి. రెండు మూడు నెలలు ఇలా చదివించినా అక్షరాల దగ్గరే తికమకపడుతుంటే, డిస్లెక్సియా (తెలివితేటలు బాగానే ఉన్నా చదవడం కష్టమయ్యే అభ్యసన సమస్య) ఉందేమో నిపుణులతో పరీక్ష చేయించాలి. టీచర్‌తో కూడా మాట్లాడి, తరగతిలో హఠాత్తుగా లేపి చదివించకుండా, ఏ భాగం చదవాలో ముందురోజే చెప్పి పంపమని అడగండి.