పాత లారీకి ట్యూబ్‌లెస్ చక్రాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది పాత ఆరు టైర్ల లారీ. 8.25-20 ట్యూబు టైర్లు, లాక్ రింగ్ డిస్కులు (టైరును పట్టి ఉంచే ఇనుప రింగ్ విడిగా ఉండే చక్రాలు). పంక్చర్ పడిన ప్రతిసారీ ఆ రింగ్ ఊడదీయాలంటే టెన్షన్‌గా ఉంటోంది సార్. ఈ డిస్కులకే ట్యూబ్‌లెస్ టైర్లు ఎక్కించొచ్చా? వేరే లారీకి వాడిన 22.5 డిస్కులు అమ్మకానికి ఉన్నాయి. పెట్టి చూస్తే పది రంధ్రాలూ సరిపోయాయి. కొనేయమంటారా?

జవాబు: ఇప్పుడే కొనకండి. రంధ్రాలు సరిపోయాయన్న మాట దగ్గరే చాలామంది మోసపోతారు.

ముందు మొదటి ప్రశ్న. ఆ డిస్కులకు ట్యూబ్‌లెస్ కుదరదు. రింగ్ సందులోంచి గాలి పోతుంది, పైగా టైరు అంచు కూర్చునే చోటు పాత డిస్కులో 5 డిగ్రీల వాలు, ట్యూబ్‌లెస్ డిస్కులో 15 డిగ్రీలు. అందుకే 20 అంగుళాల ట్యూబు టైరుకు బదులు 22.5 ట్యూబ్‌లెస్ వస్తుంది. మీ 8.25-20కి సరిజోడు 9R22.5. రెండూ దాదాపు 97 సెంటీమీటర్ల ఎత్తే కాబట్టి స్పీడు మీటరు, ఇంజిన్ వేగం చెదరవు. 255/70R22.5 వేశారనుకోండి, అది 93 సెంటీమీటర్లే, మీటరు అసలు వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది.

ఇక రంధ్రాల సంగతి. పది స్టడ్ల (చక్రాన్ని బిగించే బోల్టుల) చక్రాలు రెండు రకాలు. పాత రకంలో నట్టు కొస బంతిలా ఉండి, డిస్కు రంధ్రంలో గిన్నెలా చెక్కిన గుంటలో కూర్చుంటుంది. చక్రం సరిగ్గా మధ్యలో నిలబడేది ఆ నట్ల వల్లే, వెనక జంట చక్రాల్లో లోపలి దానికో నట్టు, బయటి దానికో నట్టు ఉంటాయి. కొత్త రకంలో డిస్కు మధ్య రంధ్రం హబ్ (ఇరుసు కొసన చక్రాన్ని మోసే భాగం) మీద ఆనుతుంది, నట్టుకు చదునైన వాషర్ ఉంటుంది, జంటకు ఒకే నట్టు. చిక్కేమిటంటే రెండింటిలోనూ స్టడ్ల వలయం వ్యాసం 285.75 మిల్లీమీటర్లే ఉండొచ్చు. దాంతో ఒక రకం డిస్కు ఇంకో రకం హబ్ మీదికి హాయిగా ఎక్కేస్తుంది, నట్లు బిగుస్తాయి, బయటికి తేడా ఏమీ తెలియదు. లోడుతో తిరిగే కొద్దీ డిస్కు సన్నగా కదిలి రంధ్రాలు కోలగా అరుగుతాయి, స్టడ్లు ఒకదాని వెనక ఒకటి విరుగుతాయి. కాబట్టి మీ పాత నట్టొకటి ఊడదీసి చేతిలోకి తీసుకుని చూడండి, కొస గుండ్రమా, చదునా? అమ్మకానికున్న డిస్కు రంధ్రాన్ని వేలితో తడిమి చూడండి, గుంట ఉందా, నేరుగా ఉందా? రెండూ ఒకే రకమైతేనే బేరం మాట్లాడండి.

ఆ తర్వాత ఆఫ్‌సెట్, అంటే డిస్కు హబ్‌కు ఆనే ముఖానికీ చక్రం వెడల్పు మధ్య గీతకూ ఉన్న దూరం. అది తక్కువైతే బరువు పడినప్పుడు వెనక జంట టైర్ల పక్కలు ఒకదానికొకటి రాసుకుని వేడెక్కుతాయి. టైరు కంపెనీ చెప్పిన జంట ఎడం (రెండు టైర్ల మధ్య దూరం) ఎంతో కనుక్కుని డిస్కును దానితో పోల్చండి. బ్రేక్ డ్రమ్ముకు ఖాళీ, డిస్కు మీద ముద్రించిన బరువు, గాలి పరిమితి కూడా చూడాలి. అల్యూమినియం డిస్కు మందంగా ఉంటుంది, దానికి పొడవు స్టడ్లు కావాలి.

మార్చేదాకా లాక్ రింగ్‌తో జాగ్రత్త. గాలి పూర్తిగా తీసేశాకే చక్రం విప్పండి, చక్రాన్ని ఇనుప పంజరంలో పెట్టి గాలి దూరం నుంచే కొట్టించండి. తుప్పు తిన్న రింగ్‌ను సుత్తితో సర్దడం, ఒక కంపెనీ రింగ్ ఇంకో కంపెనీ డిస్కుకు వేయడం అస్సలు వద్దు. మీ భయం న్యాయమైనదే, గాలితో ఉన్న రింగ్ ఎగిరిపడి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

ప్రశ్న: కొత్త డిస్కులు వేయించిన వారానికే నట్లు లూజయ్యాయి. మళ్లీ బిగిస్తే మళ్లీ అంతే. కారణం ఏమై ఉంటుంది?

జవాబు: ఒక చక్రం తీసి, డిస్కు హబ్‌కు ఆనే ముఖాన్ని చూడండి. అక్కడ మందపాటి పెయింట్, తుప్పు పొరలు ఉంటే తిరిగే కొద్దీ అవి నలిగి బిగింపు పోతుంది. బ్రష్‌తో గీకి ఇనుము తేల్చండి. రంధ్రాల చుట్టూ ఎర్రటి చారలు కారి ఉంటే డిస్కు అప్పటికే కదిలిందని అర్థం, అప్పుడు రంధ్రాలు, స్టడ్లు చూపించకుండా బండి తీయొద్దు. చదును వాషర్ ఉన్న, 22 మిల్లీమీటర్ల స్టడ్‌కు పట్టే నట్టుకు మామూలుగా 610 నుంచి 680 న్యూటన్ మీటర్ల బిగింపు ఉంటుంది, మీ బండి పుస్తకంలో వేరేగా ఉంటే దాన్నే పాటించండి. ఎదురెదురు నట్లు వరసగా బిగించి, 80 నుంచి 160 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో (బిగింపు ఎంతో కొలిచే పానాతో) మళ్లీ ఒకసారి చూడండి.