ఖర్చు తగ్గించాలని పప్పు మానేయొచ్చా? తిరుపతిలో పదివేలతో ఇల్లు నడిపిన నా అనుభవం

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇంట్లో నలుగురు, పిల్లలిద్దరూ బడికి పోయేవాళ్లు. బాడుగ, ఫీజులు పోగా తిండికి 10 వేలు మిగులుతోంది, అది 20వ తేదీకే అయిపోతా ఉంది. పప్పు వారానికి రెండు రోజులకు తగ్గించి మిగతా రోజులు రసం, ఊరగాయతో సరిపెట్టమని మీ అత్తగారు అంటున్నారు, అట్లా చేయొచ్చా అని అడిగారు.

చేయొద్దమ్మా. ఆ పని నేను చేసి చూసినదాన్ని, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మాది తిరుపతిలో జీవకోన. మా ఆయన యాత్రికులకు కారు నడుపుతాడు, కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుచానూరు తిప్పుకొస్తాడు. 2020 మార్చి 20న కొండ మీద దర్శనాలు ఆపేశారు కదా. జూన్ రెండో వారందాకా ఊళ్లో యాత్రికుడనే వాడు లేడు. తర్వాత దర్శనాలు మొదలైనా కొద్దిమందినే పంపించేవాళ్లు కాబట్టి ఆ ఏడాదంతా మా కారుకు బాడుగలు రాలేదు. రేషన్లో బియ్యం ఉచితంగా ఇచ్చారు, కార్డుకు కిలో పప్పు కూడా ఇచ్చారు. అన్నానికి లోటు లేదు. నేను మొదట కోత పెట్టింది కందిబేడలకే, అదే కందిపప్పుకే. అంగట్లో అన్నిటికంటే ఎక్కువ ధర పలికేది అదే అనిపించింది. రోజూ రసం, ఏదో ఒక ఊరగాయ, మజ్జిగ. అందరి కడుపూ నిండుతోంది, డబ్బు మిగులుతోంది, బాగానే ఇల్లు దిద్దుతున్నానని అనుకున్నా.

నవంబరులో బళ్లు తెరిచారు. మా పెద్దది అప్పుడు తొమ్మిదో తరగతి. సాయంత్రం ఇంటికొచ్చి పుస్తకాల సంచి కూడా తీయకుండా గోడకు ఆనుకుని కూర్చుండిపోయేది. మెట్లెక్కితే ఆయాసం. కనురెప్ప కింద తెల్లగా పాలిపోయి ఉంది. రక్తపరీక్ష చేయిస్తే 12 ఉండాల్సిన హిమోగ్లోబిన్ 8.4 ఉంది. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, బిడ్డ ఏం తింటోందని అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టాక నాకే అర్థమైంది, రసం అన్నం తప్ప చెప్పడానికి ఇంకేమీ లేదు. ఆ మాత్రలు ఆరు నెలలు వాడితేనే మామూలుకు వచ్చింది. మాత్రల పని మాత్రలు చేశాయి, వంటిల్లు మార్చుకోవడం మాత్రం నా పనే అయింది.

అప్పుడు మా అమ్మ పుంగనూరు దగ్గర మా ఊరి నుంచి వచ్చింది. రెండు సంచులు తెచ్చింది. ఒకదాంట్లో రాగులు, ఇంకోదాంట్లో ఉలవలు. నన్ను తిట్టలేదు. "మేం నిన్ను సాకింది దేంతోనో మర్చిపోయినావా" అని మాత్రం అన్నది. ఆ ఒక్క మాటతో నేను వంట మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నా.

ముందు ఉలవల సంగతి చెప్తా. ఇదొక్కటి పట్టుకుంటే మీకు వారంలో రెండు రోజులు పప్పు ఖర్చు తప్పుతుంది, పప్పు బలం మాత్రం తప్పదు. 100 గ్రాముల ఉలవల్లో దాదాపు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కందిబేడల్లోనూ అంతే. ధర మాత్రం మా అంగట్లో కందిబేడల్లో సగం. పావుకిలో ఉలవలు తీసుకుని చేటలో చెరిగి, నీళ్లలో గాలించండి. ఉలవల్లో సన్న రాళ్లుంటాయి, ఈ పని తొందరపడి చేయొద్దు. రాత్రి నానబెట్టి, పొద్దున లీటరున్నర నీళ్లు పోసి కుక్కర్లో ఏడెనిమిది విజిళ్లు రానివ్వండి. నానబెట్టకపోతే దానికి రెండింతలు గ్యాస్ కాలుతుంది. ఉడికాక పైనుండే నీళ్లు, అంటే కట్టు, వేరే గిన్నెలోకి వంచుకోండి. కాఫీ రంగులో, కాస్త చిక్కగా ఉంటుంది. ఉడికిన ఉలవలు ఒక గుప్పెడు తీసి నాలుగు తెల్లగడ్డ పాయలు, మిరియాలు, జీలకర్రతో మెత్తగా నూరి ఆ కట్టులో కలపండి. చింతపండు పులుసు, ఉప్పు, కరివేపాకు వేసి ఒక పొంగు రానిచ్చి తిరగవాత పెడితే ఉలవల రసం. పప్పు మానేసి పెట్టుకునే రసం వేరు, ఇది వేరు. దీంట్లో పప్పు సారం కొంత ఉంది. మిగిలిన ఉలవలకు ఎర్రగడ్డ, ఎండుమిరపకాయ తిరగవాత వేస్తే సాయంత్రం పిల్లలు బడి నుంచి రాగానే గుగ్గిళ్లు. పావుకిలోతో మధ్యాహ్నం రసం, సాయంత్రం చిరుతిండి రెండూ నలుగురికీ అయిపోతాయి. అన్నంలోకి కాస్త నిమ్మకాయ పిండుకోండి, పులుపు ఉంటే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము ఒంటికి బాగా పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. తిన్న వెంటనే టీ తాగొద్దనీ చెప్పింది. మా ఇంట్లో ఆ అలవాటు అప్పుడే మాన్పించా.

ఇక కందిబేడలు. మానొద్దన్నాను గానీ తగ్గించొద్దనలేదు. ఒక పూటకు గ్లాసు పప్పు వేసే చోట ముప్పావు గ్లాసు వేసి, రెండు కట్టల తోటకూరో పాలకూరో, రెండు వంకాయలో వేసి మెత్తగా ఎనిపితే పప్పు మునుపటికంటే ఎక్కువే అవుతుంది. పప్పును నీళ్లతో పెంచితే పలచబడుతుంది, ఆకుతో పెంచితే బలపడుతుంది. మునగాకు మీ వీధిలో ఎవరి దొడ్లోనైనా ఉంటే అడిగి తెచ్చుకోండి, ఎవరూ కాదనరు. చలికాలంలో అనపకాయలు వస్తాయి చూడండి, డిసెంబరు, జనవరిలో. ఆ రెండు నెలలూ కందిబేడలు సగమే కొంటాను నేను. గింజలు నానబెట్టి పిల్లలను కూర్చోబెట్టుకుని పితికితే పితికిపప్పు పులుసు. ఆ వాసనకు పక్కింటివాళ్లు కూడా గిన్నె పట్టుకొస్తారు.

చెనక్కాయల (వేరుశనగ) పచ్చడి, అదే మన ఊరిబిండి, వారంలో రెండుసార్లు చేయండి. మనిషికి గుప్పెడు చెనిగ్గింజలు దోరగా వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా నూరుకోవడమే. ఆరోజు వేరే కూర అక్కర్లేదు, నూనె దాదాపు అక్కర్లేదు. చెనక్కాయల్లో 100 గ్రాములకు పాతిక గ్రాముల దగ్గర ప్రొటీన్ ఉంటుంది. మిక్సీలో వేస్తే నిమిషంలో పేస్టు అయిపోతుంది, ఆపి ఆపి తిప్పండి, పలుకు తగలాలి.

దీనికి జోడు సంగటి. పిల్లలు తినరని మీరు రాశారు. మాదీ మొదట తినలేదు. కాల్చిన గోళీలా గట్టిగా చేసి పెడితే ఎవరు తింటారు? బియ్యం ఎక్కువ, రాగిపిండి తక్కువతో మొదలుపెట్టండి. గ్లాసు బియ్యాన్ని ఐదారు గ్లాసుల నీళ్లలో మెత్తగా, కాస్త జావగానే ఉడికించండి. దాని మీద గ్లాసు రాగిపిండి కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి, సన్నమంట మీద పది నిమిషాలు ఉంచండి. పిండి ఆవిరికి మగ్గాలి. అప్పుడు దించి కట్టెతో అంచుల నుంచి లోపలికి గెలకండి. ముందే కలిపితే ఉండలు కడుతుంది. చేయి తడి చేసుకుని చిన్న చిన్న ముద్దలు కట్టి, మధ్యలో గుంట చేసి నెయ్యి చుక్క, మొదటి వారం బెల్లం ముక్క పెట్టండి. నెల తర్వాత ఉలవల రసంతోనే తింటారు. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. పాల ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు నాకు ధైర్యం ఇచ్చింది ఇదే. రాత్రి మిగిలిన ముద్దను నీళ్లలో వేసి ఉంచితే పొద్దున్నే మజ్జిగ, ఉప్పు, ఎర్రగడ్డ ముక్కలతో పెద్దవాళ్లకు టిఫిన్ అయిపోతుంది.

టిఫిన్ మాట వచ్చింది కాబట్టి అసలు విషయానికి వస్తాను. మీ డబ్బు పోయేది పప్పులో కాదని నా అనుమానం. ఒక నెల నోటుబుక్కులో ప్రతి రూపాయీ రాయండి. నేను 2021లో రాసినప్పుడు ఇట్లా తేలింది: బియ్యం, పప్పులు, నూనె, మసాలాలు కలిపి 4 వేలు. పాలు 1,800. కూరగాయలు 1,500. గుడ్లు, కోడికూర 1,000. బయట టిఫిన్లు, బేకరీ, పిల్లల చిప్స్ ప్యాకెట్లు, చిల్లర అంగట్లో రోజూ తెచ్చే సామాన్లు 2,700. అంతా కలిపితే 11 వేలు, పదివేలు దాటిపోయింది. ఆ చివరి లెక్క నేను మూడుసార్లు కూడాను. పిండి పులియలేదనో, ఆలస్యం అయిందనో వారానికి రెండు రోజులు ఇడ్లీ, దోశ పార్సిల్ తెప్పించుకునేవాళ్లం అప్పట్లో. నలుగురికి ఒక పూట పార్సిల్ డబ్బుతో రెండు కిలోల ఉలవలు వస్తాయి.

అందుకే దోశపిండి మా ఇంట్లో ఎప్పుడూ ఉండేట్టు చూసుకుంటాను. నాలుగు గ్లాసుల రేషన్ బియ్యం, గ్లాసు మినప్పప్పు, చెంచా మెంతులు, రుబ్బేముందు గుప్పెడు అటుకులు. మూడు రోజులు వస్తుంది. మొదటి రోజు ఇడ్లీ, రెండో రోజు ఎర్రకారం పూసి దోశ, పులుపెక్కాక ఎర్రగడ్డలు వేసి ఊతప్పం. చాలామంది రేషన్ బియ్యాన్ని కిలో ఇంతని ఎవరికో అమ్మేసి సన్నబియ్యం కొంటారు. అది నాకు నచ్చదు. ఇంకోమాట, 2022 తర్వాత మనకు రేషన్లో వచ్చిన బియ్యంలో కొన్ని గింజలు వేరే రంగులో కనిపించి, ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసినవాళ్లున్నారు. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజల్లా చేసి నూటికి ఒకటి లెక్కన కలిపినవి. నా బిడ్డ పడిన అవస్థ చూశాను కాబట్టి ఎవరైనా వాటిని ఏరి పారేస్తుంటే నాకు ప్రాణం ఒప్పదు. ఎక్కువసార్లు కడగొద్దు, గంజి వంచొద్దు.

కూరగాయలకు వారానికి ఒకసారే రైతుబజారుకు పోతాను. ముందు ఏం కావాలో రాసుకుని కాదు, అక్కడ ఏది చౌకో చూసి దాన్నిబట్టి వారం వంట అనుకుంటాను. 2023 జూలైలో టమోటా గుర్తుందా? మదనపల్లె మార్కెట్లోనే కిలో 150 దాటింది. ఆ నెలంతా మా ఇంట్లో చింతపండు, నిమ్మకాయ, గోంగూరతోనే నడిచింది, ఒక్క టమోటా కొనలేదు. అదే టమోటా కిలో పది రూపాయలకు పడిపోయే రోజులూ వస్తాయి. అప్పుడు ఐదారు కిలోలు తెచ్చి ముక్కలు చేసి, ఉప్పు వేసి ఎండబెట్టి ఊరగాయ పెడతాను. రైతు దగ్గర నేరుగా కొంటే ఆ పది రూపాయలైనా అతనికే పోతాయి.

కోడికూర మానుకోమని చెప్పను. పిల్లలు దాని కోసం ఎదురుచూస్తారు. రెండు వారాలకోసారి అరకిలో తెచ్చి, రెండు ఉర్లగడ్డలు వేసి పులుసు ఎక్కువ పెడితే సంగటితో నలుగురికీ సరిపోతుంది. గుడ్లు మాత్రం వారానికి మనిషికి మూడు తగ్గనివ్వకండి.

నూనె మొదట నెలకు 5 లీటర్లు వాడేదాన్ని, ఇప్పుడు 3. ప్యాకెట్ నుంచి నేరుగా బాండలిలోకి పోయడం మాని, చిన్న గిన్నెలోకి వంచుకుని చెంచాతో వేయడం మొదలుపెట్టా, అంతే చేసింది.

మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆమె ఊరు ఏదో రాయలేదు మీరు. మన వైపు ఆమే అయితే ఉలవలు, సంగటి ఆమెకు మీకంటే, నాకంటే బాగా తెలిసుంటాయి. "అత్తా, మీ చిన్నప్పుడు ఇంట్లో ఏం వండేవాళ్లు" అని అడిగి, ఆ వంట ఆమె చేతే చేయించండి. మొదటిసారి ఉలవల కట్టు పలచగా వస్తే దిగులు పడొద్దు, పొయ్యి మీద ఇంకో పది నిమిషాలు మరగనివ్వండి, చిక్కబడుతుంది. నోటుబుక్కు లెక్క ఒక నెల రాశాక ఇక్కడే పెట్టండి, ఎక్కడ తగ్గించొచ్చో కలిసి చూద్దాం.