గ్రాంట్ మంజూరైంది, ఎఫ్‌డీ తీసి గదులు కట్టొచ్చా?

ప్రశ్న: హనుమకొండలో మా సొసైటీ మానసిక దివ్యాంగ పిల్లల బడి నడుపుతోంది. ఏడాది ఖర్చు 24 లక్షలు. దీనదయాళ్ దివ్యాంగుల పునరావాస పథకం కింద 90 శాతం గ్రాంట్ మంజూరైంది. ఇక జీతాల బాధ తీరింది కాబట్టి, సంస్థ పేరిట ఉన్న 9 లక్షల ఎఫ్‌డీ తీసి రెండు గదులు కట్టిద్దామని కమిటీ అంటోంది. మీరేమంటారు?

జవాబు: ఆ ఎఫ్‌డీ జోలికి పోకండి. మంజూరైన డబ్బు వేరు, చేతికొచ్చిన డబ్బు వేరు. జిల్లా తనిఖీ, రాష్ట్రం సిఫారసు, ఢిల్లీలో పరిశీలన అన్నీ దాటి సొమ్ము ఖాతాలో పడేసరికి ఎనిమిది నెలలు పట్టిందనుకోండి. నెలకు 2 లక్షల చొప్పున 16 లక్షలు ముందు మీరే సర్దుకోవాలి. ఏ నెలకానెల బయట నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే, ఎనిమిదో నెలాఖరుకు మిత్తే 1,44,000 అవుతుంది. గ్రాంట్ పద్దుల్లో మిత్తికి చోటుండదు. 2,40,000 అనుకున్న మీ వాటా 3,84,000కు చేరుతుంది.

మీ 9 లక్షలు నాలుగున్నర నెలల ఖర్చు. కమిటీ తీర్మానం పెట్టి దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీని హామీగా పెట్టి కావలసినప్పుడు వాడుకునే అప్పు) తీసుకోండి. బ్యాంకులు సాధారణంగా 90 శాతం దాకా, ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువకు ఇస్తాయి. వాడుకున్నంతకే, వాడుకున్న రోజులకే వడ్డీ. ఇందులో ఒక మెలిక ఉంది. సొసైటీకి ఆదాయపు పన్ను మినహాయింపు దక్కాలంటే ఏడాది ఆదాయంలో 85 శాతం ఖర్చు చూపాలి కదా, అప్పు తెచ్చి పెట్టిన ఖర్చు ఆ లెక్కలోకి రాదు. అప్పు తీర్చిన ఏడాదే వస్తుంది. మార్చిలో గ్రాంట్ పడితే 31లోపే ఓవర్‌డ్రాఫ్ట్ తీర్చేయండి.

గ్రాంట్‌కు విడి ఖాతా తెరవండి. ఆ డబ్బు మీద వచ్చే వడ్డీ మీది కాదు, లెక్కలు ఖరారయ్యాక కేంద్రానికి జమ చేయాలి. గ్రాంట్‌ను దేనికి ఖర్చు పెట్టారో చెప్పే వినియోగ ధ్రువపత్రం, కేంద్ర ఆర్థిక నియమావళిలోని జీఎఫ్‌ఆర్ 12-ఏ నమూనాలో, ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా ఇవ్వాలి. అయినా జూన్‌లోపే సిద్ధం చేసుకోండి, అది అందకపోతే తర్వాతి విడత కదలదు. ఎక్కువగా తేడా కొట్టేది రెండు చోట్ల: జీతాలు నగదుగా ఇవ్వడం, ఒకే టీచర్ జీతాన్ని గ్రాంట్‌లోనూ ఇంకో దాత లెక్కలోనూ చూపడం. రెండోది ఉత్త పొరపాటుతో పోదు, మోసం కిందికి వస్తుంది. గ్రాంట్‌తో కొన్న సామాను కూడా అనుమతి లేకుండా అమ్మకూడదు. దానికి విడి రిజిస్టర్ పెట్టండి.

ఇక గదులు. జీతాలకు చందా అడిగితే ముఖం తిప్పుకునేవాళ్లు కూడా అమ్మానాన్నల పేరు చెక్కిన గదికి సంతోషంగా ఇస్తారు. కాబట్టి ఎఫ్‌డీని జీతాలకు ఉంచి, గదులకు దాతల దగ్గరికి వెళ్లండి. సర్కారు ఇస్తోంది కదా అని చాలా సంస్థలు అడగడమే మానేస్తాయి, దాతలు తగ్గేది ఎక్కువగా అందుకే. అమెరికాలో ఉన్న మనవాళ్లను అడిగేటప్పుడు ముందు పాస్‌పోర్ట్ ఏ దేశానిదో కనుక్కోండి. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా రూపాయి కూడా తీసుకోవద్దు.