గేమ్ ప్రోగ్రామర్ తొలి జీతం: కంప్యూటర్ ముందా, ఆరు నెలల ఖర్చు ముందా?

ప్రశ్న: మాది కాకినాడ. ఈ ఏడాది బీటెక్ పూర్తి చేశాను. హైదరాబాద్‌లోని ఒక గేమ్ స్టూడియోలో జూనియర్ ప్రోగ్రామర్‌గా ఏటా 5.40 లక్షల జీతంతో ఆఫర్ వచ్చింది. ఇంకా సంతకం చేయలేదు. విద్యా రుణం వాయిదాలు ఎనిమిది నెలల తర్వాత మొదలవుతాయి. అప్పటికి వడ్డీతో కలిపి బాకీ 7 లక్షలు అవుతుందని, 10.5 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలని బ్యాంకు చెప్పింది. హాస్టల్‌కు 10,500, పై ఖర్చులకు 4,000 అవుతాయి. ఇంటికి 5,000 పంపాలి. సొంతంగా ఒక గేమ్ తయారు చేయాలన్నది నా కోరిక. అందుకోసం 1.80 లక్షల కంప్యూటర్‌ను 12 నెలల 'నో కాస్ట్' ఈఎంఐలో కొనాలనుకుంటున్నాను. మా మేనమామ ఏటా 60,000 ప్రీమియంతో పన్ను ఆదా పాలసీ తీసుకోమంటున్నారు. ఇంట్లో వాళ్లేమో ఆటల కంపెనీ వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన ఆఫర్ లెటర్‌ను ముందు పెట్టుకుని లెక్క వేశాను. 5.40 లక్షలన్నది కాగితం మీది అంకె. సంస్థ తన వాటాగా కట్టే పీఎఫ్ 21,600, గ్రాట్యుటీ పేరుతో చూపిన 12,400, 'రిలీజ్ బోనస్' 50,000 తీసేస్తే మిగిలేది 4.56 లక్షలు. అంటే నెలకు 38,000. మీ వాటా పీఎఫ్ 1,800, తెలంగాణ వృత్తి పన్ను 200 పోగా ఖాతాలో పడేది 36,000. గ్రాట్యుటీ చేతికి రావాలంటే మామూలుగా ఐదేళ్ల సర్వీసు నిండాలి. రిలీజ్ బోనస్ గేమ్ మార్కెట్‌లోకి వెళ్తేనే ఇస్తారట. సగంలో ఆగిపోయే గేములు ఈ రంగంలో కొల్లలు. ఆ 50,000ను లెక్కలోంచి కొట్టేయండి. వస్తే పండగే.

ఇక ఇంట్లో వాళ్ల మాట. జీతం తక్కువని వాళ్లు భయపడుతుంటే ఆ భయం అక్కర్లేదు. కొత్తగా చేరేవారికి పెద్ద సాఫ్ట్‌వేర్ సేవల సంస్థలు ఇచ్చేది తరచూ ఇంతకన్నా తక్కువే. ఉద్యోగం నిలబడుతుందా అన్నది వాళ్ల బెంగ అయితే మాత్రం కొట్టిపారేయలేను. 2024 జనవరి ఒక్క నెలలోనే మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని, గేమ్ ఇంజిన్ (గేములు తయారు చేయడానికి వాడే సాఫ్ట్‌వేర్) అందించే యూనిటీ సుమారు 1,800 మందిని తగ్గిస్తున్నట్లు ప్రకటించాయి. మన స్టూడియోలు చాలావరకు విదేశీ సంస్థల గేములకే పనిచేస్తాయి. అక్కడ ప్రాజెక్టు ఆపాలని ఎవరో నిర్ణయిస్తే ఇక్కడ కుర్చీలు ఖాళీ అవుతాయి. మీ పనితనానికీ దానికీ సంబంధం ఉండదు. మరో సంగతి: మీ స్టూడియో ఆదాయం డబ్బు పెట్టి ఆడే ఆటల నుంచి వస్తోందా అన్నది ఇప్పుడే కనుక్కోండి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో అలాంటి ఆన్‌లైన్ ఆటలు నిషేధంలోకి వెళ్లాయి. ఆ సంస్థలు రోజుల వ్యవధిలో ఆటలు ఆపేసి, ఉద్యోగులను తగ్గించుకున్నాయి. మీ స్టూడియోకు వాటితో సంబంధం లేకపోతే నిక్షేపంగా చేరండి.

అయితే ఈ రంగంలో ఉండేవాళ్లు పొదుపును రూపాయల్లో కాకుండా నెలల్లో లెక్కపెట్టుకోవాలి. జీతం ఆగిపోతే ఎన్ని నెలలు గడుస్తుంది? హాస్టల్, పై ఖర్చులు, ఇల్లు కలిపి మీకు 19,500. రుణ వాయిదా సుమారు 9,450 దాకా పడుతుంది. మొత్తం 28,950, అంటే 29,000 అనుకుందాం. ఆరు నెలలకు 1.74 లక్షలు. వాయిదాలు మొదలయ్యే లోపు మీకు నెలకు 16,500 మిగులుతుంది. ఎనిమిది నెలలు ముట్టుకోకుండా దాస్తే 1.32 లక్షలు. ఆ తర్వాత మిగులు 7,050కి పడిపోతుంది. ఇంకో ఆరు నెలలు అలాగే వేస్తే మీ 1.74 లక్షలు పూర్తవుతాయి. మొత్తం పద్నాలుగు నెలల పని.

ఈ డబ్బుతో ముందే రుణం వడ్డీ కట్టేస్తే లాభం కదా అని మీకు అనిపించవచ్చు. లెక్క ప్రకారం లాభమే. బ్యాంకు 10.5 శాతం తీసుకుంటోంది, మీ డిపాజిట్‌కు ఆరేడు శాతం వస్తుంది. 1.32 లక్షల మీద ఏడాదికి సుమారు ఐదు వేలు నష్టపోతారు. అయినా నేను డిపాజిట్‌నే ఎంచుకోమంటాను. బ్యాంకుకు కట్టేసిన సొమ్ము ఉద్యోగం పోయిన నెలలో వెనక్కి ఇమ్మంటే ఇవ్వరు. జీతం పడిన మర్నాడే రికరింగ్ డిపాజిట్‌కు వెళ్లేలా పెట్టుకోండి. షేర్లు, ఆప్షన్ల జోలికి ఈ డబ్బుతో వెళ్లవద్దు.

కంప్యూటర్ దగ్గర నేను కాస్త కఠినంగా ఉంటాను. నెలకు 15,000 ఈఎంఐ అంటే ఇప్పుడున్న 16,500లో మిగిలేది 1,500. రుణ వాయిదాలు మొదలయ్యాక ఇంకా నాలుగు నెలల ఈఎంఐ ఉంటుంది. అప్పుడు నెలనెలా దాదాపు 8,000 తక్కువ పడుతుంది, క్రెడిట్ కార్డు గీకాల్సి వస్తుంది. పైగా 'నో కాస్ట్' అన్న మాటను నమ్మకండి. ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ బిల్లులో నెమ్మదిగా కనిపిస్తాయి. అసలు తొలి గేముకు అంత యంత్రం ఎందుకు? గోడో ఇంజిన్ పూర్తిగా ఉచితం. యూనిటీ ఏడాది ఆదాయం 2 లక్షల డాలర్లు దాటేవరకు ఉచితం. అన్‌రియల్ ఇంజిన్ ఒక గేమ్ మీద ఆదాయం 10 లక్షల డాలర్లు దాటాకే 5 శాతం అడుగుతుంది. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో గేమ్ పెట్టడానికి 100 డాలర్లు, గూగుల్ ప్లేలో ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు. చదువుకున్న రోజుల్లో వాడిన ల్యాప్‌టాప్ మీద ఒక చిన్న రెండు కొలతల (2డీ) గేమ్ పూర్తి చేసి బయట పెట్టండి. యంత్రం చాలడం లేదని అప్పుడు అనిపిస్తే, ఆ పద్నాలుగు నెలల తర్వాత పాత గ్రాఫిక్స్ కార్డుతో ఒకటి సమకూర్చుకోండి, నగదుతో. నాకు తెలిసి సొంత గేమ్ కలలు ఆగిపోయేది గ్రాఫిక్స్ కార్డు బలహీనమై కాదు. తయారీ మధ్యలో ఇంటి అద్దెకు డబ్బు అయిపోయి.

మీ మేనమామ గారి పాలసీ గురించి ఒక్క మాట. కొత్త పన్ను విధానంలో జీతం మీద 12.75 లక్షల వరకు మీకు పన్నే పడదు. పన్నే లేనివారికి పన్ను ఆదా పాలసీ ఎందుకు? 60,000 అంటే నెలకు 5,000, రుణ వాయిదాలు మొదలయ్యాక మీ మిగులులో సింహభాగం. "వచ్చే ఏడాది చూద్దాం మామయ్యా" అని మర్యాదగా చెప్పండి. బదులుగా రెండు తీసుకోండి. రుణంలో నాన్నగారు సహ రుణగ్రహీత అయి ఉంటే, మీకేమైనా అయితే బాకీ ఆయన మీద పడకుండా, కనీసం ఆ బాకీకి సరిపడా టర్మ్ పాలసీ (అచ్చంగా జీవిత బీమా) ఒకటి. మీ వయసుకు ప్రీమియం చాలా తక్కువ. రెండోది సొంత ఆరోగ్య బీమా, 5 లక్షలకు. కంపెనీ ఇచ్చే బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. ఈ ప్రీమియంల కోసం మీ నిధి ఒకటి రెండు నెలలు ఆలస్యమైనా పరవాలేదు.

చివరగా, ఆఫర్ లెటర్ మూడో పేజీలో 'ఉద్యోగకాలంలో ఉద్యోగి సృష్టించిన సాఫ్ట్‌వేర్ అంతా సంస్థదే' అన్న పంక్తి ఉంది. రాత్రిపూట హాస్టల్ గదిలో మీరు రాసుకునే గేముకు కూడా అది వర్తిస్తుందా? సంతకం పెట్టే ముందు హెచ్ఆర్‌కు మెయిల్‌లో ఈ ప్రశ్న అడగండి. సొంత సమయంలో, సొంత ల్యాప్‌టాప్ మీద చేసిన పనికి మినహాయింపు రాతపూర్వకంగా ఇమ్మనండి. ఇవ్వకపోతే, ఆ గేమ్ ఎవరి పేరున బయటికి వెళ్తుందో తేలేవరకు దాని మీద ఒక్క రూపాయి కూడా ఖర్చు చేయకండి.