ఇల్లు దాటని కుక్కపిల్లకు టీకాలెందుకు?

ప్రశ్న: రెండు నెలల కుక్కపిల్లను పెంచుకుంటున్నాం. గేటు దాటనివ్వం కనుక టీకాలు అక్కర్లేదని ఇరుగుపొరుగువారు అంటున్నారు. జ్వరం వస్తే మనం వాడే పారాసెటమాల్ సగం మాత్ర వేయవచ్చునా?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: టీకాలు తప్పక వేయించండమ్మా. కుక్కపిల్లలకు వాంతులు, నెత్తుటి విరేచనాలు కలిగించి ప్రాణం తీయగల పార్వో వైరస్ సోకడానికి పిల్ల గేటు దాటనక్కరలేదు. వీధికుక్కల మలం అంటిన చెప్పులతో మనమే దానిని ఇంట్లోకి తెస్తాము, నేలలో అది నెలల తరబడి బతుకుతుంది. తల్లిపాల ద్వారా వచ్చిన, రోగాలను ఎదిరించే ప్రతిరక్షకాలు ఉన్నంతకాలం టీకా సరిగా పనిచేయదు, అవి తగ్గే వయసు ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది కనుక, 6-8 వారాల వయసులో మొదలుపెట్టి 16 వారాలు నిండేదాకా 3-4 వారాలకొకసారి టీకా వేస్తారు. ఒక్క సూదితో సరిపెట్టకండి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆపై ఏటా డాక్టరు చెప్పిన తేదీకి మరొకటి వేయించాలి. పాశ్చర్ 1885లో తొలిసారి ఒక బాలునికి రేబిస్ టీకా వేయించిన జులై 6ను జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినంగా పాటిస్తూ, మన పశువుల ఆసుపత్రులలో ఆ రోజున ఉచితంగా వేస్తుంటారు.

పారాసెటమాల్ మాత్రం సొంతంగా వేయకండి. మోతాదు మించితే కుక్క కాలేయం దెబ్బతింటుంది. పిల్లికైతే ఒక్క మాత్రే ప్రాణాంతకం కావచ్చు. జ్వరమనిపిస్తే ముందు పైపెదవి ఎత్తి, చిగురును వేలితో నొక్కి వదలండి: తెల్లబడిన చోటుకు రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. అలా రాకపోయినా, చిగుళ్లు పాలిపోయినా, వాంతులతో నెత్తుటి విరేచనాలైనా, తెల్లవారేదాకా ఆగకుండా మీకు చేరువలోని గరివిడి పశువైద్య కళాశాలకు ఫోన్ చేయండి, లేదా అందుబాటులో ఉన్న పశువైద్యుని దగ్గరకు వెంటనే తీసుకువెళ్లండి.