కాఫీ ప్యాకెట్ మీద డిసర్టేషన్: 60 పేజీలు రాశాక ఆగిపోయాను

ప్రశ్న: డిజైన్‌లో మాస్టర్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. నా డిసర్టేషన్ అంశం మినిమలిస్ట్ కాఫీ ప్యాకేజింగ్, అంటే హంగులు తగ్గించిన సాదా ప్యాకెట్లు. ఇప్పటికి 60 పేజీలు రాశాను. 94 మందితో ఆన్‌లైన్ సర్వే చేస్తే, ఎక్కువ మంది సాదా ప్యాకెట్లే నచ్చుతాయని చెప్పారు. అయినా మా గైడ్ కలిసిన ప్రతిసారీ "ఇందులో కొత్తగా తేలింది ఏమిటి?" అని అడుగుతున్నారు. సమర్పించడానికి ఇంకా 11 వారాలే ఉన్నాయి. అంశం మార్చుకోమంటారా? ఇంత చిన్న విషయం మీద చేసిన పరిశోధన ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: అంశం మార్చకండి. మార్చితే ఈ 60 పేజీలూ పోతాయి, గైడ్ అడుగుతున్న ప్రశ్న మాత్రం కొత్త అంశంలోనూ మీ వెంటే వస్తుంది.

మీరు పంపిన విషయసూచికా, పేజీలూ శ్రద్ధగా చదివాను. మొదటి 22 పేజీలు మినిమలిజం చరిత్ర. 1965లో తత్త్వవేత్త రిచర్డ్ వోల్‌హైమ్ 'మినిమల్ ఆర్ట్' అనే మాట వాడిన దగ్గర మొదలుపెట్టి, జర్మన్ డిజైనర్ డీటర్ రామ్స్ సూత్రాల మీదుగా 1980లో పుట్టిన జపాన్ సాదా వస్తువుల బ్రాండు ముజీ దాకా వచ్చారు. కష్టపడి చదివారని తెలుస్తూనే ఉంది. కానీ ఆ తర్వాతి అధ్యాయాల్లో ఎక్కడా 'మినిమలిస్ట్ ప్యాకెట్' అంటే మీ లెక్కలో ఏమిటో చెప్పలేదు. మీ గైడ్ అడుగుతున్నది నిజానికి అదే. నిర్వచనం లేకపోతే కొలత ఉండదు, కొలవనిదే ఏదీ తేలదు.

ఇవాళే ఒక పని చేయండి. గోధుమరంగు క్రాఫ్ట్ పేపరుతో చేసిన, ముందు వైపు రెండు మూడు మాటలే ఉన్న కాఫీ ప్యాకెట్ ఒకటి తీసుకుని కత్తెరతో నిలువునా కోయండి. కోసిన అంచును గోటితో నెమ్మదిగా విడదీయండి. బయట కాగితం, మధ్యలో అల్యూమినియం రేకు గానీ లోహపు పూత ఉన్న ఫిల్ము గానీ, లోపల వేడికి అతుక్కునే ప్లాస్టిక్ పొర: చాలా ప్యాకెట్లలో కనిపించేది ఇదే. పైభాగాన బొత్తాము అంత వాల్వ్ ఉంటుంది. వేయించిన గింజలు రోజుల తరబడి కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటాయి. ఆ వాయువు బయటికి పోవాలి, ఆక్సిజన్ లోపలికి రాకూడదు. అందుకే ఆ వాల్వ్ ఒక వైపుకే తెరుచుకుంటుంది. ఇప్పుడు ప్యాకెట్ వెనక్కి తిప్పండి. ముందు వైపు ఖాళీగా వదిలిన జాగా బాకీ అంతా అక్కడ తీరుతుంది, చీమల బారుల్లాంటి అక్షరాలతో.

చూపుకు తక్కువ, పదార్థంలో తక్కువ, సమాచారంలో తక్కువ. ఇవి మూడు వేరు వేరు సంగతులు. మీ 60 పేజీల్లో మూడూ ఒకే మాట కింద కలిసిపోయాయి. 31వ పేజీలో సాదా ప్యాకెట్ పర్యావరణానికి మేలు అని రాశారు. ఇందాక మీరు కోసిన ప్యాకెట్ ఆ వాక్యాన్ని ఒప్పుకోదు. పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్న ప్యాకెట్‌ను రీసైకిల్ చేయడం చాలా కష్టం, దాని మీద సిరా ఎంత తక్కువగా ఉన్నా సరే. ఆ వాక్యం అలాగే ఉంటే వైవాలో (మౌఖిక పరీక్షలో) మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

మూడింటిలో దేన్ని ఎంచుకోవాలి? పదార్థం వైపు వెళ్ళవద్దనే నా సలహా. ఆక్సిజన్ ఎంత చొరబడుతోంది, గింజలు ఎన్నాళ్ళు తాజాగా ఉంటున్నాయి అని తేల్చడానికి ప్రయోగశాల కావాలి, నెలలు కావాలి. ఆ సంగతిని మీ పరిశోధన పరిమితుల్లో నిజాయితీగా రాసేయండి. చూపుకూ సమాచారానికీ మధ్య ఉన్న పేచీని పట్టుకోండి. ముందు వైపు మాటలు, బొమ్మలు తగ్గించుకుంటూ పోతే, కొనేవారు తమకు కావలసిన వివరం ఎంత వేగంగా కనుక్కుంటారు? లోపలున్న కాఫీ ఎలా ఉంటుందని ఊహిస్తారు? ఈ రెండు ప్రశ్నలు చాలు. శీర్షికను కూడా వీటికి తగ్గట్టు కుదించండి.

ఈ ప్రశ్నలు గాలిలో పుట్టినవి కావని చూపడానికి మీకు మంచి ఆధారాలున్నాయి. 2009లో పెప్సికో తన ట్రాపికానా జ్యూస్ డబ్బా ముఖాన్ని బాగా సరళం చేసింది. స్ట్రా గుచ్చిన నారింజ బొమ్మ తీసేసింది. రెండు నెలలు తిరగకముందే అమ్మకాలు దాదాపు 20 శాతం పడిపోయాయి, పాత డబ్బా తిరిగి వచ్చింది. అది జ్యూస్, మీది కాఫీ. కాబట్టి దాన్ని రుజువుగా వాడకండి, ప్రశ్న ఎందుకు ముఖ్యమో చెప్పడానికి వాడండి. ఊహ సంగతికొస్తే, 2014లో వాన్ డోర్న్, వుల్లెమిన్, స్పెన్స్ ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఒకే కాఫీని వేర్వేరు రంగుల కప్పుల్లో ఇస్తే, తెల్ల కప్పులో తాగినవారికి అది మరింత గాఢంగా అనిపించింది. కప్పు రంగే నాలుకను అంత మారుస్తుంటే ప్యాకెట్ ముఖం ఏం చేస్తుందో అడగడం పూర్తిగా సబబు.

ఇక సర్వే. 94 మంది జవాబులను పారేయకండి, కానీ వాటి మీద భవనం కట్టకండి. సాదా ప్యాకెట్ నచ్చుతుందా అని అడిగితే మనిషి తనకు ఏది మంచి అభిరుచి అనిపిస్తుందో చెబుతాడు. అల్మారా ముందు నిలబడి ఏం చేస్తాడో వేరే సంగతి. అందుకే సర్వేను తొలి దశగా చూపించి, రెండో దశగా ఒక చిన్న ప్రయోగం చేయండి.

నాలుగు ప్యాకెట్ల నమూనాలు తయారు చేయండి. సైజు, ఆకారం, కాగితం, మీరే పెట్టిన ఊహా బ్రాండు పేరు అన్నిటికీ ఒకటే. మారేది ముందు వైపు ఉన్న అంశాల సంఖ్య ఒక్కటే. తగ్గించిన వివరాన్ని తీసేయకండి, వెనక్కి మార్చండి. నిజమైన ప్యాకెట్‌లో జరిగేదీ అదే. తెర మీద బొమ్మలు చూపించి సరిపెట్టకండి, ప్రింటు తీసి, మడిచి, లోపల గింజలు నింపి చేతికివ్వండి. వేయించిన తేదీ, గింజలు పండిన ప్రాంతం, పొడా గింజలా, బరువు ఎంత: ఈ నాలుగూ వెతకమని చెప్పి గడియారం పెట్టండి. వివరాలు ప్రతి నమూనాలోనూ వేరుగా ఉండాలి, లేకపోతే జ్ఞాపకంతో చెప్పేస్తారు. తర్వాత తేలిక–గాఢం, మామూలు–ఖరీదైనది, చల్లదనం–ఆత్మీయత వంటి జంట పదాల మధ్య ఏడు గళ్ళ కొలమానం మీద గుర్తు పెట్టమనండి. చార్లెస్ ఆస్‌గుడ్, సహచరులు 1957లో వివరంగా ప్రచురించిన పద్ధతి అది. ప్యాకెట్ పరిశోధనకు చక్కగా అతుకుతుంది.

24 మంది చాలు. నాలుగు నమూనాలను నాలుగు వేర్వేరు వరుసక్రమాల్లో చూపితే ఒక్కో వరుసకు ఆరుగురు వస్తారు, ముందు చూసినదాని ప్రభావం సమంగా సర్దుకుంటుంది. ఒకే మనిషి నాలుగింటికీ మార్కులు వేస్తాడు కాబట్టి లెక్కకు ఫ్రీడ్‌మన్ పరీక్ష సరిపోతుంది. ఒకే మనుషులు ఇచ్చిన మార్కుల మధ్య తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని చూసే గణాంక పద్ధతి అది. ఆ 24 మందిలో మీ తరగతి మిత్రులు ఉండకూడదు. డిజైన్ చదివిన కళ్ళకు ఖాళీ జాగా కనిపిస్తేనే ముచ్చట. కాఫీ కొనుక్కునే మామూలు మనిషి, అందులోనూ దగ్గరి చూపు తగ్గిన పెద్దవారు, ప్యాకెట్‌ను వెలుతురు వైపు తిప్పి, దూరంగా పట్టుకుని, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుని తేదీ కోసం వెతకడం మీరు కళ్ళారా చూడాలి. సెకన్లతో పాటు ఆ చేతుల కదలికలు కూడా రాసుకోండి. మీ డిసర్టేషన్‌లో జనం గుర్తుపెట్టుకునే పేజీ అక్కడి నుంచే వస్తుంది.

సాదాతనం ఓడిపోతే ఎలా అని భయపడకండి. తగ్గింపులో ఏ మెట్టు దగ్గర వెతుకులాట కష్టమైందో చూపగలిగితే అదే మీ కొత్త విషయం. తేడా ఏమీ తేలకపోయినా దాన్ని అలాగే రాయండి.

సమయం విషయానికొస్తే, మొదటి మూడు వారాలు నమూనాలకు, తర్వాతి రెండు వారాలు మనుషులతో కూర్చోవడానికి, ఒక వారం లెక్కలకు పెట్టుకోండి. నాలుగు వారాలు రాతకు. చివరి వారం ముట్టుకోకుండా ఉంచండి, ప్రింటు, బైండింగు పనులే తినేస్తాయి. చరిత్ర 22 పేజీలను ఎనిమిదికి కుదించడం బాధగా ఉంటుంది, తెలుసు. తీసేసినవి వేరే ఫైల్లో దాచుకోండి.

ఉద్యోగం గురించి అడిగారు. విషయం చిన్నదని చిన్నబుచ్చుకోకండి. బ్రాండింగ్ స్టూడియో అయినా, ప్యాకేజింగ్ తయారుచేసే సంస్థ అయినా, వినియోగదారుల పరిశోధన బృందమైనా ఇంటర్వ్యూలో అడిగేది ఒకటే: ఈ నిర్ణయం ఎందుకు తీసుకున్నారు? దానికి మీ దగ్గర నాలుగు నమూనాలు, వాటి డైలైన్లు (ఎక్కడ కోయాలో, ఎక్కడ మడవాలో చూపే గీతల పటాలు), 24 మంది సెకన్ల లెక్క ఉంటాయి. పోర్ట్‌ఫోలియోలో అందమైన ఫొటోల కన్నా ముందు, మీరు పక్కన పెట్టిన నమూనాను పెట్టి దాన్ని ఎందుకు వదిలేశారో రెండు వాక్యాల్లో రాయండి. ఎంపిక చేసేవారు అక్కడ ఆగి చదవడం నేను చాలాసార్లు చూశాను.

రేపు గైడ్‌ను కలిసి ఆ రెండు ప్రశ్నలూ ఒకే కాగితం మీద రాసి చూపించండి. వారు ఒప్పుకున్న రోజే ఎథిక్స్ అనుమతికి, అంటే మనుషులతో పరిశోధన చేయడానికి కాలేజీ ఇచ్చే అనుమతికి, సవరణ దరఖాస్తు పంపండి. మొదటి అనుమతి ఆన్‌లైన్ సర్వేకు మాత్రమే అయితే, సవరించిన అనుమతి చేతికి వచ్చేదాకా మనుషులతో ప్రయోగం మొదలుపెట్టడానికి వీల్లేదు.